పెద్ద చక్రం ఎక్కని చైను

“నిన్న మంచిగనే ఉండె కద సార్,” అన్నాడు ఇనాయత్, పెడల్‌ను చేత్తో తిప్పుతూ.

“నీ స్టాండు మీద మంచిగనే ఉంటది. రోడ్డెక్కంగనే మొరాయిస్తది. గదేందో నువ్వే చెప్పాలె,” అన్నాడు జగదీశ్.

వారంలో ఇది మూడోసారి. సైకిల్ జగదీశ్ కూతురు పూజితది. ఆదివారం సంగారెడ్డిలో జిల్లా సైకిల్ పోటీల ఎంపిక ఉంది. వయసు లెక్కన ఆ పిల్లకు ఇదే ఆఖరి అవకాశం. రోజూ పొద్దున్నే హైవే మీద చిరాగ్‌పల్లి దాకా తొక్కి వస్తుంది. పది రోజులుగా ముందు గేరు మొండికేసింది. మీట నొక్కితే చైను చిన్న పళ్ల చక్రం మీంచి పెద్దదాని మీదికి ఎక్కాలి. ఎక్కడం లేదు. కాళ్లు గిర్రున తిరుగుతున్నాయి, సైకిల్ మాత్రం ఎడ్లబండిలా నడుస్తోంది.

స్టేషన్ రోడ్డులో ‘సైకిల్ రిపేర్’ అని బోర్డున్న ఇనాయత్ దుకాణం ముప్పయ్యేళ్ల నాటిది. ఆయన చేతిలో పడిన సైకిల్ బాగుపడకుండా వెళ్లిందని జహీరాబాద్‌లో ఎవరూ అనలేదు. జగదీశ్ అనుమానమంతా అక్కడే. అంత పనిమంతుడికి ఒక్క గేరు లొంగదా?

ఇనాయత్ చెయ్యి గేరు దగ్గరి స్క్రూ మీదికి పోయింది, ఆగింది. ఒకసారి జగదీశ్ వైపు చూసి, నూనె డబ్బా అందుకున్నాడు. ఆ చూపు జగదీశ్‌కు నచ్చలేదు.

“పొద్దున మల్లప్ప ఎందుకొచ్చిండు?”

అల్లం వ్యాపారి మల్లప్ప కూతురు దీక్షిత కూడా అదే పోటీకి వెళ్తోంది.

“చాయ్ తాపిండు. బిడ్డ సైకిల్ జర చూడమన్నడు. నేను తీస్కోలే సార్. హైదరాబాద్ తీస్కపొమ్మన్న.”

“ఓహో. వాళ్లది హైదరాబాద్ పోవాలె, మాది నీ దగ్గర పడుండాలె.”

“అట్ల కాదు సార్. ఆ దినం మీరు సైకిల్ పెట్టి…”

“పెట్టి పోయిన. నమ్మి పోయిన,” అని జగదీశ్ మాట తుంచేశాడు.

ఆ సాయంత్రం సైకిల్ ఇంటికి తెచ్చి, పూజిత గోళ్ల రంగు సీసా తీసి, గేరు మీదున్న రెండు స్క్రూలకూ సన్నగా గీత పెట్టాడు. సగం స్క్రూ మీద, సగం పక్కన. స్క్రూ కదిలితే గీత విరుగుతుంది.

“మల్లప్ప చాయ్ తాపితే ఇనాయత్ అమ్ముడువోతడా?” అంది భార్య భాగీరథి.

“చాయ్ ఒక్కటే తాపిండని నువ్వు చూసినవా?”

శుక్రవారం పొద్దున సైకిల్ ఇచ్చి, సాయంత్రం తెచ్చుకున్నాడు. చైను తళతళలాడుతోంది. గీతలు రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

“ముట్టనే ముట్టలే చూడు. చైనుకు నూనె రాసి, నా కండ్లల్ల కారం కొట్టిండు.”

“అయితే నువ్వే బిగించరాదు?”

“మొన్న నల్లా బిగించిన కద.”

ఆ రోజు నల్లా ఊడి ఇల్లంతా నీళ్లయ్యాయి. తుడిచింది భాగీరథే.

జగదీశ్ ఫోనులో వీడియోలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసి, గేరు సంగతి మొత్తం కాగితం మీద రాసుకున్నాడు. శనివారం దుకాణం తెరిచేసరికి పూజితను వెంటబెట్టుకుని వెళ్లి, ఇనాయత్ ఎదురుగా స్టూలు వేసుకున్నాడు.

“ఇయ్యాల నేను చెప్త, నువ్వు చెయ్యి. ఒక్కటి తప్పినా ఊకోను.”

“చెప్పుండ్రి సార్.”

“ముందు మీట నుంచి వచ్చే తీగ ఇప్పు. చైనును నూకే రేకుంది చూడు, అది పెద్ద చక్రం పండ్ల మీదికి వచ్చినప్పుడు నడుమ రూపాయి బిళ్ల పట్టేటంత సందే ఉండాలె. ఇక్కడ వేలు దూరుతది. దించు.”

ఇనాయత్ దించాడు. “వంకరగ ఉంటే సార్?”

“వంకరెందుకుంటది? చక్రం ఎట్లుందో రేకు గట్లనే ఉండాలె. తెల్వనట్టు అడుగుతున్నవ్. ఇగ స్క్రూలు. ఎల్ అని ఉన్నది లోపలి హద్దు, హెచ్ బయటి హద్దు. హెచ్ బిగుసుకపోయింది, అందుకే రేకు అవతలికి పోతలేదు. పావు చుట్టు ఇప్పు.”

“ఎక్కువ ఇప్పితే?”

“చైను అవతల పడ్తది. ఏమయ్యా, నాకే పరీక్ష పెడ్తున్నవా?”

“తోబా, లేదు సార్.”

“ఆఖరికి తీగను గట్టిగ గుంజి కట్టు. లూజుంటే చేసిందంత దండుగ.”

చెప్పింది చెప్పినట్టు ఇనాయత్ వేళ్లు చేసుకుపోయాయి. తడబాటు లేదు, నూనె డబ్బా జోలికి పోలేదు. కావాలంటే ఎంత చక్కగా చేస్తాడో అని జగదీశ్ పళ్లు కొరికాడు.

పూజిత సైకిల్ ఎక్కి రైల్వే గేటు దాకా తొక్కి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“డాడీ, ఎక్కుతుంది. నొక్కితే చాలు, టక్కున ఎక్కుతుంది.”

జగదీశ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“చూసినవా ఇనాయత్? తెలిసినోడు ముంగట కూసుంటే పని ఎట్లయితదో. మల్లప్పకు చెప్పు, రేపు సంగారెడ్డిల కలుస్తమని.”

“అట్లనే సార్. బిడ్డ గెలువాలె.”

తండ్రీకూతుళ్లు మలుపు తిరిగారు. లోపల ట్యూబులకు పంక్చర్లు అంటిస్తున్న ఇనాయత్ భార్య బషీరా బయటికొచ్చింది.

“అంత బద్నాం చేస్తుంటే నోరు మూసుకొని ఎందుకు కూసున్నరు?” అని ఉర్దూలో నిలదీసింది.

ఇనాయత్ చేతులు తుడుచుకున్నాడు.

“బోర్డు మీద ఇగ ‘గేరు సైకిళ్లు’ అని కూడ రాయించొచ్చు.”