దిగని పసుపు

ఆపరేటర్ పని అడగడానికి ఎస్తర్ నిజామాబాద్‌లోని పసుపు మిల్లుకు వచ్చేసరికి, యజమాని రాజలింగు పొడి తొట్టిని సుత్తితో దబదబా బాదుతున్నాడు. లోపల పసుపు బిగుసుకుపోయి కిందికి దిగడం లేదు.

"ఆపుండ్రి సారూ! కొట్టినకొద్ది పొడి ఇంకింత గట్టిపడ్తది!" అంటూ ఎస్తర్ సుత్తి లాక్కుంది. వెంటనే నాలుక కరుచుకుంది. ఇక ఈ నౌకరి రానట్టే!

అయినా తొట్టి కింది మూత తీసి, గాలి పైపు పెట్టింది. పొడి ఒక్కసారిగా జారి ఇద్దరినీ ముంచెత్తింది. ఎస్తర్‌కు తుమ్ములు ఆగలేదు. పచ్చటి ముఖంతో రాజలింగు పకపకా నవ్వాడు.

"రేపట్నుంచి పనిలకు రా బిడ్డా! పొద్దుగాల్నుంచి ఈ నౌకరికే ముగ్గురొచ్చిండ్రు. నేను కావాల్నని తప్పు చేస్తుంటె, ముగ్గురు 'బాగ కొడ్తున్నరు సారూ' అన్నరు!"