మూడో ముల్లు

"రెక్క దిగండ్రా! అది పల్లకీ కాదు!"

శ్యాంబాబు ఇటు పిల్లల్ని దింపేలోగా అటు ఒక గేదె వచ్చి విమానం తోకకు ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టింది. తొంభై అయిదో సంవత్సరం, మార్చి నెల. నాగాయలంక పొలిమేరలోని చౌటి బీడులో ఆ రెండు సీట్ల బుల్లి విమానం దిగి ఇంకా అరగంట కాలేదు, సగం ఊరు అక్కడే ఉంది. మైకు ఒక్కటే తక్కువ.

శ్యాంబాబు విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. విజయవాడ నుంచి ఒంటరిగా సముద్రం దాకా వచ్చి, పొద్దుగూకేలోగా తిరిగి చేరడమే అతని ఆఖరి పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. ఇదీ తప్పితే పైలట్ లైసెన్సు మాట ఎత్తొద్దన్నారు. తీరా ఇక్కడికొచ్చేసరికి, నాలుగు సిలిండర్ల వేడి చూపించే మీటరులో మూడో ముల్లు ఎర్రగీత దాటేసింది. కనిపించిన బీట్లో దింపేశాడు.

"ఏం బాబూ, చుట్టపుచూపుగా వచ్చి మొహం అలా వేలాడేశావేం?" అంది కోటమ్మ. ఎండుచేపల గంప కింద పెట్టి, కొంగుతో ఇంజినుకు విసురుతోంది ఆవిడ. "వేడి చేసిందన్నావుగా, కాస్త మజ్జిగ పోయకూడదా?"

"పోయకూడదండీ!"

"అయితే మా ఎలీసబెతుకు చూపించు. గిలకలదిండిలో వాళ్ల నాన్న పడవ ఇంజిన్ల షెడ్డులోనే పుట్టి పెరిగింది."

అప్పుడే లూనా బండి దిగిన ఎలీసబెతు మెడ చాచి ఇంజినులోకి చూసింది. "ఓసారి చెయ్యి పెట్టనిస్తారాండీ?"

"వద్దమ్మా వద్దు! ఇది పడవ కాదు, విమానం. మా ఇంజినీరు ప్రకాశరావు గారు తప్ప ఎవరు చెప్పినా నట్టు కూడా తిప్పను. ఊళ్లో ఫోనుందా?"

ఎలీసబెతు కోటమ్మ వైపు ఓరగా చూసింది. "నాది ఎస్టీడీ బూతేనండీ. మీరిక్కణ్ణుంచి కదిలారంటే గేదెలు సీట్లో కూర్చుంటాయి. నంబరు రాసివ్వండి, నేను అడిగొస్తాను."

కోటమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది.

పది నిమిషాల్లో లూనా తిరిగొచ్చింది.

"దొరికారా?"

"దొరక్కేం! తక్కిన మూడు ముళ్లూ ఎలా ఉన్నాయన్నారు. ఆయిలు వేడి, ఆయిలు ప్రెషరు కూడా అడిగారు."

"అన్నీ బాగానే ఉన్నాయి. మూడోదొక్కటే."

"అలాగైతే ముందు మీటరు అబద్ధమాడుతోందేమో తేల్చుకోమన్నారు. ఇంజిను చల్లారాక మూడో సిలిండరు వైరు నాలుగోదానికి, నాలుగోది మూడోదానికి తగిలించాలట. అప్పుడూ మూడో ముల్లే లేస్తే తప్పు వైరుది. నాలుగో ముల్లు లేస్తే మూడో సిలిండరు నిజంగానే కాలుతోందన్నమాట."

శ్యాంబాబు తెల్లబోయాడు. "ఇంత విడమర్చి తెలుగులో చెప్పారా? మా మీద ఇంగ్లీషులో అరుస్తారే!"

"నాకు ఇంగ్లీషు రాదని తెలుగులో అరిచారండీ."

ఇంజిను చల్లారింది. వైర్లు మారాయి. నలుగురు తోక పట్టుకుంటే శ్యాంబాబు ఇంజిను స్టార్టు చేశాడు. ఆ గాలికి కోటమ్మ గంపలోని ఎండుచేపలు లేచి, వెనకున్న జనం నెత్తిన వానలా పడ్డాయి. ఆ గోలలో శ్యాంబాబు కేక వినిపించింది.

"నాలుగోది లేచింది!"

లూనా మళ్లీ దుమ్ము రేపుకుంటూ వెళ్లింది. ఈసారి అయిదు నిమిషాలకే వచ్చేసింది.

"ఏమన్నారు?"

"గాడిద అన్నారండీ."

"ఎవర్ని?"

"ఇక్కడ విమానం నడిపేది మీరొక్కరేగా! నేనన్లేదు, ఆయనే. వేడి నిజమేనట. దీనికి నీళ్లుండవు, గాలే చల్లార్చాలి కదా. పొద్దున బయల్దేరేముందు విమానం ముక్కులోని గాలి దారిలో చెయ్యి పెట్టి చూశాడా, లేకపోతే అద్దంలో క్రాపు చూసుకుని ఎక్కేశాడా అని అడిగారు."

శ్యాంబాబు చెవులు ఎర్రబడ్డాయి. క్రాపు మాట నిజం. "అది కూడా ఆయనకెలా తెలిసిందండీ?"

"పెద్దవాళ్లు కదా!"

ఇంజిను మళ్లీ చల్లారాక లోపలి రేకు విప్పి చెయ్యి పెట్టాడు. మూడో సిలిండరు మడతల మధ్య నుంచి గడ్డి, దూది, ఈకలు గుప్పెళ్లకొద్దీ వచ్చాయి. ఎప్పుడు కట్టుకుందో, పిచ్చుక గూడు!

"గుడ్లున్నాయేమో చూడు నాయనా, పాపం," అంది కోటమ్మ.

గుడ్లు లేవు. వైర్లు ఎక్కడివక్కడ పెట్టి మళ్లీ స్టార్టు చేస్తే నాలుగు ముళ్లూ బడిపిల్లల్లా ఒకే వరసలో నిలబడ్డాయి. జనం ఈలలు వేశారు. ఇంకా బారెడు పొద్దుంది.

"బూతుకొచ్చి ఆయనకో మాట చెప్పి వెళ్తానండీ."

"అమ్మో, పొద్దు పోతోంది! మీరు ఎక్కండి, నేను చెప్తాగా."

"ఆయన లేకపోతే ఇవాళ నా పని అయిపోయేది. మీరు మాత్రం తక్కువా? ఇంజిన్ల సంగతి, అక్షరం పొల్లుపోకుండా మోసుకొచ్చారు!"

"ఏదోనండీ, నాకు తోచిన సాయం."

కోటమ్మ పొట్ట పట్టుకుని గట్టు మీద కూలబడింది. విమానం బీడంతా పరుగెత్తి, గేదెల మీదుగా లేచి, ఊరి మీద ఓసారి రెక్క ఊపి విజయవాడ వైపు తిరిగింది. ఎలీసబెతు చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆమె బూతులో ఫోను మూగబోయి అప్పటికి తొమ్మిది రోజులు.