సముద్రం అవతలి కోడికూత

పెరటిని నిద్రలేపే పని పుంజుది. గాలివాటున కూత ఎంత దూరమైనా చేరుతుందని తెలిశాక, విదేశంలో ఏదైనా సముద్రం ఒడ్డున ఉండి, అక్కణ్ణించే పెరటికి కూద్దామనుకుంది. మొదటి తీరంలో ఇసుక కాలింది. రెండో చోట గాలికి తోక నిలవలేదు. దూరాన పడమటి తీరం నచ్చింది. అక్కడి పురుగుల రుచి, అలల ఎత్తు అన్నీ విచారించింది. పొద్దు ఎప్పుడు పొడుస్తుందో మాత్రం అడగలేదు.

పెరట్లో తెల్లవారే వేళకు అక్కడ చిమ్మచీకటి. అయినా పుంజు కూసింది. పీతలు ఉలిక్కిపడి లేచాయి.

"తెల్లారిందా అన్నా?"

"మా ఊళ్ళో తెల్లారింది."

"అయితే అక్కడికే పోయి కూసుకో!"

చేసేది లేక పుంజు అక్కడి పొద్దుకే కూయసాగింది. వారం తిరక్కుండా, పెరట్లోని పెట్ట పంపిన కబురు ఒక కాకి తెచ్చింది.

"మావా, నీ కూత మాకు మిట్టమధ్యాహ్నం వినబడుతోంది. లేపే పని బాతుకిచ్చాం. నువ్వు తీరిగ్గా సముద్రం చూసుకో."