మూయాల్సిన పోర్టులు

మా టవర్లలో ఒక్కో ఇంటికి ఒక్కో నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది; ఆ ఇంటి ఫోనూ, టీవీ అన్నీ దాని మీదే నడుస్తాయి. అది మూసేస్తే ఆ ఇంటి వాళ్ళ కోసం లిఫ్టు కూడా ఆగదు. తొంభై రోజులపాటు ఒక్క కాల్ కూడా రాకపోతే ఆ ఇల్లు ఖాళీ అని లెక్క. అలాంటి పోర్టుల జాబితాను రోజూ పొద్దున్నే సాఫ్టువేర్ నా తెర మీద పెడుతుంది. చూసి, 'మూసెయ్' నొక్కడమే నా ఉద్యోగం. అది కూడా దానికే అప్పగిస్తే పోయేది.

ఒకరోజు పద్నాలుగో అంతస్తు గవిరినాయుడు గారు మెట్లన్నీ దిగి, ఆయాసపడుతూ మా ఆఫీసుకొచ్చారు.

"నాను బతికే ఉన్నానమ్మా. నా పోర్టు మూసీసినావేటి?"

"మూడు నెలలుగా మీకెవరూ కాల్ చెయ్యలేదండీ."

"సేసీవోలు లేకపోతే అది నా తప్పేటి?"

పోర్టు మళ్ళీ తెరిచాను. 'ఈ ఇంట్లో మనిషి ఉన్నారని ఎవరు చెప్పారు?' అని అడిగే గడిలో నా పేరు, దమయంతి అని కొట్టాను.

అప్పటి నుంచి నెలకోసారి మా ఇంటి నుంచి ఆయనకు కాల్ చేసి, "తిన్నారా?" అని అడిగేదాన్ని. మర్నాడు ఆయన నాకు చేసి, "తిన్నావేటమ్మా?" అనేవారు. అంతకుమించి మాటలుండేవి కావు.

వేసవిలో ఆయన పోయారు. ఆ పోర్టు నేనే మూశాను.

ఇవాళ జాబితాలో ఒక్కటే పోర్టు ఉంది. మా ఇంటిది.

మూయకుండా ఆపాను. గడి ఎప్పటిలాగే అడిగింది. నా పేరు కొట్టాను. 'మీది కాకుండా ఇంకొకరి పేరు కావాలి' అంది.

గవిరినాయుడు అని కొట్టాను.

వెంటనే ఒప్పుకుంది.