తల్లి వేషం

“ఏడుపంతా ఇప్పుడే ఖర్చు పెట్టేస్తే ఎలాగమ్మా? కమిటీ ఇంకా రానేలేదు!”

డిపార్టుమెంటు హెడ్డుగారు వరండాలో ఆగి కసురుకున్నారు.

స్పీకరు కింద బల్ల మీద కూర్చున్న ఆమె గబగబా కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

స్పీకర్లోంచి యూనివర్సిటీ రేడియో వార్తలు వస్తున్నాయి. చదువుతున్నది మూడో ఏడు అమ్మాయి. ఎక్కడా తడబాటు లేదు. ఆ ఉదయం హెడ్డుగారికి కాస్తంత ధైర్యం ఇచ్చింది ఆ గొంతొక్కటే.

మాస్ కమ్యూనికేషన్, మీడియా డిగ్రీ ఉండాలో ఊడాలో ఇవాళ తేలిపోతుంది. తనిఖీకి వచ్చే కమిటీ పాఠాలు చూస్తుంది, స్టూడియో చూస్తుంది. చివర్లో తల్లిదండ్రుల్ని పిలిచి, ఈ చదువు వల్ల మీ పిల్లలకు ఒరిగిందేమిటని అడుగుతుంది.

అక్కడే వచ్చింది చిక్కు. పనులు మానుకుని ఎవరొస్తారు? నిన్న సాయంత్రం దాకా ఒక్కరంటే ఒక్కరు వస్తామనలేదు.

కోర్సు పోతే హెడ్డుగారి ఉద్యోగం పోతుంది. ఈ వయసులో ఇంకెవరూ పిలిచి కుర్చీ వేయరు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు, ప్రకటనల పాఠం చెప్పే కుర్ర లెక్చరరు ఒక ఉపాయం చెప్పాడు.

“నాకు తెలిసిన నాటక సమాజం ఉంది సార్. నలుగురిని పంపిస్తారు.”

ముగ్గురు వచ్చారు. నాలుగో మనిషి కోసం కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే ఈమె కనిపించింది.

“ఇంత ఆలస్యమా?”

“బస్సు తప్పిపోయిందండీ. హెడ్డుగారిని కలవమన్నారు.”

“నేనే. పదండి, పదండి!”

గదిలోకి తీసుకెళ్ళి మాటలు నేర్పించడం మొదలుపెట్టారు.

“చెప్పండి. ‘మావాడు లేవగానే పేపరు పట్టుకుంటాడు. ఈ కోర్సు వాడి జీవితాన్నే మార్చేసింది.’”

“మా ఇంటికి పేపరు రాదండీ.”

“రాదని కమిటీకి తెలుసా? వస్తుందనే చెప్పండి.”

“వాడు కాదండీ, అమ్మాయి…”

“అమ్మాయి తల్లి వేషం ఆ కళ్ళద్దాలావిడకి ఇచ్చేశాం. మీకు అబ్బాయే.”

ఆమెకు తలాతోకా అర్థం కాలేదు.

“నాకు తోచింది నేను చెప్తానండీ. నిజంగానే…”

“సొంత డైలాగులు వద్దమ్మా! మీకు పుణ్యముంటుంది!”

హెడ్డుగారు చేతులు జోడించారు. ఆమెకు జాలేసింది. సరే, ప్రయత్నించింది.

“మావాడు లేవగానే…”

అక్కడే ఆగిపోయింది.

“లేని కొడుకు గురించి నోరు పెగలడం లేదండీ.”

కుర్ర లెక్చరరు పెదవి విరిచాడు.

“లాభం లేదు సార్. ఈవిడ ఏ కోశానా తల్లిలా లేరు. కమిటీ ఇట్టే పట్టేస్తుంది.”

ఆ వేషం లైబ్రరీలో పనిచేసే ఆవిడకు దక్కింది. ఆవిడకింకా పెళ్ళే కాలేదు.

“మీరు వెళ్ళండమ్మా. దారి ఖర్చులు ఇప్పిస్తాను,” అన్నారు హెడ్డుగారు.

“డబ్బులొద్దండీ. ఆ వార్తలయ్యేదాకా వరండాలో కూర్చోనా?”

“కమిటీ వచ్చే వేళ అక్కడెవరూ ఉండకూడదు.”

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. గేటు దగ్గర ఒక్కసారి ఆగి స్పీకరు వైపు తిరిగి చూసింది. వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నం తల్లిదండ్రుల వంతు వచ్చింది.

మొదటాయన, “మావాడు లేవగానే పేపరు పట్టుకుంటాడు,” అన్నాడు.

కళ్ళద్దాలావిడ, “మా అమ్మాయి లేవగానే పేపరు పట్టుకుంటుంది,” అంది.

మూడో ఆయన రాజు వేషాలు వేసి వేసి ఉన్నాడేమో, ఆ ముక్కే కిటికీలు అదిరేలా చెప్పాడు.

కమిటీ పెద్దావిడ కలం పక్కన పెట్టింది.

“మీవాడి పేరేమిటండీ?”

ఆయన బిత్తరపోయాడు. మాట అందిస్తారేమోనని హెడ్డుగారి వైపు చూశాడు.

లైబ్రరీ ఆవిడ వంతు రానేలేదు.

వెళ్ళేముందు పెద్దావిడ గుమ్మంలో ఆగింది.

“మాకు ఒక్క తల్లి చాలండీ. మెచ్చుకోనక్కర్లేదు, తిట్టినా రాసుకునేవాళ్ళం. ఆ ఒక్కరు కూడా రాని చదువుని ఏం చూసి ఉంచమంటారు? వచ్చే ఏడు పిల్లల్ని చేర్చుకోకండి.”

హెడ్డుగారు కుర్చీలో కూలబడ్డారు. కుర్ర లెక్చరరు తొంగిచూసి, చప్పుడు చేయకుండా జారుకున్నాడు.

కాసేపటికి స్టూడియో తలుపు తీసుకుని వార్తలు చదివే అమ్మాయి పరుగున వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“సార్, మా అమ్మ బాగా చెప్పిందా?”

“మీ అమ్మా?”

“రాత్రే సెలవు దొరికిందట సార్, తెల్లారగానే బయల్దేరింది. మిమ్మల్ని కలవమన్నాను. స్టూడియో అద్దంలోంచి చూశాను, స్పీకరు కిందే కూర్చుంది. కమిటీ వచ్చి వెళ్ళేదాకా కదలొద్దన్నారు కదా, అందుకే రాలేకపోయాను.”

హెడ్డుగారు కిటికీలోంచి గేటు వైపు చూశారు.

“చేరిన కొత్తలో నత్తితో నా పేరు కూడా చెప్పుకోలేక ఏడుస్తుంటే, రోజూ మైకు ముందు కూర్చోబెట్టి చదివించారు కదా సార్. ఆ సంగతి కమిటీకి నేనే చెప్తానన్నాను. ‘నువ్వు చెప్తే మాస్టారు నేర్పించారనుకుంటారే. కన్నతల్లిని, నేను చెప్తేనే నమ్ముతారు’ అంది సార్.”