మొదటి పార

గెడ్డ సముద్రంలో కలిసే మొగకి అడ్డంగా మేటేసిన ఇసక దిబ్బ మీద ఊళ్ళో పారలన్నీ గుచ్చి ఉన్నాయి. పట్టుకునేవాడు లేడు.

దిబ్బకి ఇటు, వాన నీళ్ళలో ములిగిన వరి. నిన్నగాక మొన్న ఈనింది.

అటు, ఆటుకి వెనక్కి జరిగిన సముద్రం. మళ్ళీ పోటు రాకముందే దిబ్బ తెగాలి. రేపటిదాకా ఆగితే కోసుకోడానికి కుళ్ళే మిగులుతుంది.

"సర్కారు దిబ్బ. పొక్లెయిను టెక్కలి దాటిందట. అందాకా ముట్టుకోవద్దన్నారు" అన్నాడు సర్పంచి ఢిల్లీశ్వరరావు.

"దిబ్బ సర్కారుదే. ములిగిన వరి కూడా సర్కారుదేనేటి?" అన్నాడు పోలారావు.

సర్పంచి అటు తిరిగి నిలబడ్డాడు. అంటే తవ్వుకోమనే.

కానీ తవ్వడానికో పద్ధతుంది. అందరికన్నా పల్లపు చేను ఎవరిదో వాడే మొదటి పార వెయ్యాలి. సముద్రం ఎదురు తంతే ముందు పోయేది వాడి చేనే. అందుకని తవ్వాలా వద్దా అన్న మాట వాడిదే.

ఆ ఏడాదంతా వాడి పేరు పల్లపోడు.

"మొన్నటి వరదకి నా చేను ఇసకేసి లేచింది. ఇప్పుడు నీదే పల్లం బావా" అన్నాడు అప్పలసూరి. పోలారావు పెళ్ళాం దాలమ్మకి అన్న. పక్క చేనతను.

"నీ సెల్లినిచ్చినప్పుడు నాది మెరకని సూసే ఇచ్చినావు కదేటి?"

"అప్పుడు మెరకే. నువ్వు దున్ని దున్ని దిగదీసినావు."

అందరూ నవ్వారు. నవ్వుల్లో ఆటు కరిగిపోతోంది.

అప్పలసూరి మాత్రం నవ్వలేదు. మూడేళ్ళ కిందట పార వేసింది అతనే. ఉప్పునీరు ఎదురు తన్ని, ఆ ఏడు అతని చేలో గడ్డి కూడా మొలవలేదు.

అతని చెయ్యి పార దాకా వెళ్ళి, వెనక్కొచ్చి పంచె సర్దుకుంది.

పోలారావు చూశాడు.

"సరే. నాదే పల్లం" అని పార పెరికాడు.

ఇక చూడాలి, ఊరంతా దిబ్బ మీద పడింది. ముందు జానెడు కాలవ. అందులో పాము పాకినట్టు నీరు. ఆ తర్వాత దిబ్బని నీరే తినేసుకుంటూ పోయింది.

సముద్రం ఎదురు తన్నలేదు.

తెల్లారేసరికి పోలారావు చేను ఆరింది. బురద కొట్టుకున్నా, వెన్నులు తలలెత్తాయి.

పక్క చేలో ఇంకా మోకాలి బంటి నీరు. గట్టు మీద అప్పలసూరి తల వంచుకు నిలబడి ఉన్నాడు.

చల్దన్నం గిన్నె దించబోతూ దాలమ్మ ఆగింది.

"అదేటి, మా అన్న చేలో నీళ్ళింకా..."

"పల్లపోడికి ఆకలేత్తంది. ముందు అన్నం ఎట్టు."

పోలారావు సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.