వెనకాల మనిషి

గాగుల్స్ తీసి చూసేసరికి పళ్ళ డాక్టరు సంచి పెట్టిన చోట లేదు.

ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాడు.

చుట్టూ చూస్తే, సంచి కాస్త ముందుకు జరిగి గడ్డిలో ఉంది. దాని పక్కన తెల్లచొక్కా పెద్దాయన ఒకరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు.

"నా సంచి ఎవరు ముట్టుకున్నారు?"

"నేనేనండీ. అక్కడెందుకని ఇటు పెట్టాను."

"నేను పెట్టమన్నానా?"

"మీరు కళ్ళకి అది తగిలించుకుని ఉన్నారు కదా. వెనకాల..."

"వెనకా లేదు, ముందూ లేదు. నా వస్తువుల జోలికి రాకండి."

డాక్టరు సంచి అడుగుదాకా తడిమి చూసుకున్నాడు. ఏమీ పోలేదు. పోకపోవడంతో అతని అనుమానం ఇంకాస్త పెరిగింది.

రోజంతా జనం నోళ్ళలోకి తొంగిచూసే ఆ డాక్టరుకి ఈమధ్యే బొమ్మ విమానాల పిచ్చి పట్టుకుంది. విమానం ముక్కుకి చిన్న కెమెరా ఉంటుంది. అది చూసిందల్లా గాగుల్స్‌లో కనిపిస్తుంది. చేతిలో రిమోట్, కళ్ళ ముందు ఆకాశం. ఏ గాగుల్స్ కొనాలో తేల్చుకోలేక షాపతని దగ్గర ఒక్కో రకమే తెచ్చుకుని, ఊరి చివరి మైదానంలో పెట్టి చూస్తున్నాడు. సెలవు రోజుల్లో అక్కడ అందరూ ఎగరేస్తారు. ఇతను మాత్రం క్లినిక్ తెరవకముందు, ఎవరూ ఉండని పూట వెళ్ళేవాడు.

ఎవరూ ఉండరనుకుంటే, ఈయన.

మర్నాడు పెద్దాయనే పలకరించారు.

"ఒక్కరే వస్తారా బాబూ? తోడు ఎవరూ రారా?"

ఆ ప్రశ్న డాక్టరుకి నచ్చలేదు. ఒంటరిగా ఉన్నానా లేదా అని వాకబు చేస్తున్నాడన్నమాట.

"వస్తారు. చాలామంది వస్తారు," అని అబద్ధమాడాడు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు.

"ఏమన్నా అన్నాడా?" అందామె.

"అనడే. ఊరికే వెనకాల నిలబడతాడు. విమానం పైనుంచి చూస్తే నా వీపు, ఆ వీపు వెనకే తెల్లచొక్కా."

"మాట్లాడితే ఆరా అంటారు, మాట్లాడకపోతే కాపు కాశాడంటారు. మీ అనుమానానికి మందు మీ క్లినిక్‌లో లేదు."

షాపతన్ని అడుగుదామా అనుకున్నాడు. ఇద్దరికీ లంకె ఉంటే? అడగడం మానేశాడు.

"డాక్టరుగారూ, ఇదుగో, ఇది తీసుకోండి. స్పాంజి పట్టీ మొహానికి అతుక్కుపోతుంది. చీమంత వెలుతురు కూడా దూరదు," అన్నాడు షాపతను.

"పక్కన ఎవరున్నారో కనిపిస్తుందా?"

"కనిపించకపోవడమే కదండీ దాని గొప్ప."

"అయితే వద్దు. ముక్కు దగ్గర సందు ఉందే, అదివ్వండి."

"దాంట్లో బొమ్మ మసగ్గా ఉంటుందండీ."

"ఉండనీ."

ఆ సందులోంచి కిందికి చూస్తే తన బూట్లు కనిపించేవి. కాస్త తల తిప్పితే పెద్దాయన చెప్పులూ కనిపించేవి. ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను చెప్పుల మీద. అలా ఎగరేస్తే విమానం నేరుగా పోతుందా? పోయి తుప్పల్లో కూలింది.

డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది.

"చూడండి పెద్దాయనా, ఇది ఎగరేసుకునేవాళ్ళ చోటు. పనీపాటా లేనివాళ్ళు తిరిగేది కాదు. మళ్ళీ ఇక్కడ కనిపిస్తే పోలీసులకి చెబుతాను."

పెద్దాయన ఏదో చెప్పబోయి, అతని మొహం చూసి ఆగారు.

"మంచిదండీ. వెనక్కి మాత్రం అడుగెయ్యకండి."

"బెదిరిస్తున్నారా?"

ఆయన నెమ్మదిగా గేటు దాటి వెళ్ళిపోయారు.

పీడ విరగడైందనుకున్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే సందున్న గాగుల్స్ తిరిగిచ్చేసి, స్పాంజి పట్టీది తెచ్చుకున్నాడు.

షాపతను చెప్పింది నిజమే. మర్నాడు పొద్దున పెట్టుకోగానే లోకం మాయమైంది. ఆకాశం ఒక్కటే మిగిలింది. విమానం చెరువు మీదుగా చుట్టి, తిరిగి అతని నెత్తి మీదికి వచ్చింది. దాంతోపాటే తల ఎత్తుతూ డాక్టరు వెనక్కి వాలాడు.

పైనుంచి తను కనిపించాడు. గడ్డిలో చిన్న మనిషి. వెనకాల తెల్లచొక్కా లేదు.

అది ఉండే చోటి వెనకే, ఎత్తుగా పెరిగిన గడ్డి మధ్య, ఇన్నాళ్ళూ ఆ చొక్కా మాటునే ఉన్న నల్లటి గుండ్రటి నోరు ఒకటి తెరుచుకుని ఉంది.

అదేమిటో అర్థమయ్యేలోపే కాలు వెనక్కి పడింది.

ఎండిపోయిన బావి. కేకలు విని పాల వ్యాను వాళ్ళు పైకి లాగారు. కాలు రెండు చోట్ల విరిగింది.

షాపతను ఆసుపత్రికి వచ్చేసరికి డాక్టరు మంచం మీద నిప్పులు కక్కుతున్నాడు.

"బావిని అలా నోరు తెరిచి వదిలేస్తారా? కనీసం కంచె వెయ్యరా? ఆ స్థలం ఎవరిదో చెప్పండి. కోర్టుకి ఈడుస్తాను."

షాపతను తల దించుకున్నాడు.

"కంచె ఉండేదండీ. విమానాలు తీగల్లో చిక్కుకుంటున్నాయని మేమే తీసేయమని బతిమాలాం. బావి పూడ్పించేదాకా, కంచె బదులు ఎప్పుడూ నేనే ఉంటాన్లే అన్నారాయన. ఆ భరోసాతోనే మీకు చెప్పలేదు. మాదే తప్పు."

"ఎవరాయన?"

"ఊళ్ళో ఎవరూ చోటివ్వకపోతే పైసా అడక్కుండా మాకు ఆ నేల ఇచ్చిన పెద్దాయన," అన్నాడు షాపతను. "మొన్న మీరు పొమ్మంటే, తన నేల మీంచి తనే మారుమాట్లాడకుండా వెళ్ళిపోయిన మనిషి."